ఒక్క మోత మోగి ఆగిన టెలిఫోను

(జల్లాఖ్‌లో జరిగిన మన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో తెలుగు భాషను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు మమ్ములను కోరారు. సాయంకాలపు తెలుగు తరగతి నడిపేవారము కనుక పద్యాలను గురించో, గుణింతాలను గురించో చెబుతామని వారు అనుకొని ఉంటారు. మేము టెలిఫోనును గురించి చెప్పదలచుకున్నాము. అందుకు కారణం ఉన్నది. ఈనాడు మన పిల్లల కంట పడే తెలుగు రాత పుస్తకాలలో కంటే ఫోనులోనే ఎక్కువ. ఇంటి నుండి తెలుగు రాత ఏదైనా ఒకటి తీసుకురండి అని ఒకనాడు తరగతిలో చెబితే, ఎక్కువమంది పిల్లలు తెచ్చినది కథ కాదు, పాట కాదు, పెద్దలు ఫోనులో ఒకరికొకరు పంపుకునే హెచ్చరిక. “ఈ నంబరు నుండి ఫోను వస్తే ఎత్తకండి, తిరిగి చేయకండి, మీ బంధుమిత్రులందరికీ వెంటనే పంపండి” అన్నదే అందులోని సారాంశం.

పిల్లలు చదివే తెలుగు అదే అయినప్పుడు, దానిని సరిగా చదవడం నేర్పడం కూడా తెలుగు నేర్పడమే కదా. అందుచేత ఆ హెచ్చరికలనే కొన్నాళ్లు పాఠంగా పెట్టుకున్నాము. ఆ పాఠంలో మేము తెలుసుకున్న సంగతులనే ఈవేళ మీ ముందు ఉంచుతున్నాము.

మనలో కొందరం ఈ దీవిలో మూడవ తరం వారము. 1932లో ఇక్కడ చమురు పడిన తరువాత, మన తాతల తరంలో కొందరు కంపెనీ పనులకు ఓడ ఎక్కి వచ్చారు. వారికి క్షేమ సమాచారం అంటే ఉత్తరమే. ఆ తరువాత ట్రంకు కాలు వచ్చింది. బుక్ చేసి గంటల తరబడి కాచుకొని, తీరా లైను కలిస్తే “వినపడుతోందా, వినపడుతోందా” అని అరుచుకోవడంతోనే మూడు నిమిషాలు అయిపోయేవి. 1980ల నుండి ఆంధ్రదేశంలో చిన్న ఊళ్లలో కూడా పసుపుపచ్చ బోర్డులతో ఎస్టీడీ, ఐఎస్డీ బూతులు వెలిశాయి. అక్కడి నుండి చేతి ఫోను దాకా వచ్చాము.

చేతి ఫోనుతో పాటు మనవాళ్లు ఒక కొత్త భాషను కూడా కల్పించుకున్నారు. దాని పేరు మిస్డ్ కాల్. ఒక మోత మోగించి ఆపితే “క్షేమంగా చేరాను” అని అర్థం. రెండు మోగిస్తే “తీరిక చూసుకొని ఫోను చెయ్యి” అని అర్థం. ఏ బడిలోనూ చెప్పకుండానే నర్సాపురంలో తల్లికీ, ఇక్కడి కొడుక్కీ ఈ భాష వచ్చేసింది. పైసా ఖర్చు లేకుండా మనసు తెలిపే ఉపాయం అది. ఒక్క మోత మోగి ఆగితే ఎవరో మనవాళ్లే పిలిచి ఉంటారని, వెంటనే తిరిగి ఫోను చేయడం మనకు అలవాటయింది. చేయకపోతే అపచారం అనిపించేది.

దొంగ కనిపెట్టినది సరిగ్గా ఈ అలవాటునే.

ఈ మోసానికి లోకంలో వాడుకలో ఉన్న పేరు వాంగిరి. అది జపాను మాట. ‘వన్’ అనే ఆంగ్ల పదానికి, కోయడం అనే అర్థం గల జపాను పదాన్ని జోడించి చేసినది. ఒక్కసారి మోగించి కోసివేయడం అని తాత్పర్యం. 2002 ప్రాంతంలో జపానులో ఇది పెద్ద తలనొప్పి అయింది. యంత్రాలు పెట్టి వేలాది నంబర్లకు ఒక్కొక్క మోత చొప్పున మోగించడంతో ఆ ఏడాది ఒసాకా ప్రాంతంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు కిక్కిరిసి, మామూలు జనానికి లైన్లు దొరకని పరిస్థితి వచ్చింది. అంటే అక్కడ ఇది ఒకరిద్దరి జేబులతో ఆగలేదు, ఊరికి ఊరే ఇబ్బంది పడింది.

ఇందులో డబ్బు దొంగ చేతికి ఎలా పోతుందని మా తరగతిలో ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. పెద్దలు కూడా అడగవలసిన ప్రశ్న. గోదావరి దాటడాన్ని తలచుకోండి. ఈ ఒడ్డున ఒక బండి, నదిలో పడవ, ఆ ఒడ్డున మరొక బండి. మనం మొదటి బండివానికే మొత్తం డబ్బు ఇస్తాము. అతడు పడవవానికి ఇస్తాడు, పడవవాడు ఆ ఒడ్డు బండివానికి ఇస్తాడు. విదేశానికి చేసే ఫోను కూడా అంతే. మన కంపెనీ మన దగ్గర వసూలు చేసి, మాటను మోసిన మధ్య కంపెనీకి ఇస్తుంది. చివరకు ఆ దేశంలో ఫోను మోగించిన కంపెనీకి ఆఖరి కూలి ముడుతుంది. కొన్ని దేశాలలో, కొన్ని రకాల నంబర్లకు ఈ ఆఖరి కూలి చాలా హెచ్చు. దొంగ అటువంటి నంబర్లను ముందుగా అద్దెకు తీసుకుంటాడు. వచ్చిన కూలిలో తనకు వాటా ఉండేట్టు ఏర్పాటు చేసుకుంటాడు. తరువాత యంత్రం చేత వేల మందికి ఒక్క మోత మోగిస్తాడు. ఎవరూ ఎత్తకముందే ఆపేస్తాడు కనుక అతనికి ఖర్చు దాదాపు ఉండదు. మనం తిరిగి చేసినప్పుడు మాత్రం మన లెక్క నడుస్తుంది. అవతల పాట వినిపిస్తుంది, లేదా “దయచేసి వేచి ఉండండి” అంటారు, లేదా ఇంకా ఫోను మోగుతున్నట్టే శబ్దం వినిపిస్తుంది. అది రికార్డు చేసిన శబ్దం. ఎంతసేపు చెవి దగ్గర పెట్టుకుంటే అంత వాటా.

ఇదీ అసలు సంగతి. ఇందులో మంత్రం లేదు. మన సిమ్ కార్డు లోపలికి ఎవరూ రాలేదు. మన బ్యాంకు లెక్క ఎవరూ చూడలేదు. ఖరీదైన ఫోను మన చేతనే చేయించారు, అంతే. ముందుగా డబ్బు వేసుకునే ఫోను అయితే అందులో ఉన్న సొమ్ము పోతుంది. నెలాఖరున బిల్లు వచ్చే ఫోను అయితే బిల్లులో కనబడుతుంది.

ఇక ఈ విషయం మీద మనం పంపుకునే హెచ్చరికలు ఎలా ఉన్నాయో చూద్దాము. “ఈ నంబర్లకు తిరిగి ఫోను చేస్తే మూడు సెకన్లలో మీ ఫోనులోని పేర్లన్నీ, బ్యాంకు వివరాలన్నీ కాపీ అయిపోతాయి” అని ఒకటి ఎన్నో ఏళ్లుగా లోకమంతా తిరుగుతోంది. బెలారస్, లాత్వియా, సెర్బియా, టాంజానియా కోడ్లన్నీ వరుసగా అందులో ఉంటాయి. మూడు సెకన్ల మాట అబద్ధం. ఊరకే ఫోను చేసినంత మాత్రాన అవతలివానికి మన పేర్ల పుస్తకం పోదు. 2012లో భారతదేశంలో మరొకటి వ్యాపించింది. ప్లస్ 92, హ్యాష్ 90, హ్యాష్ 09 తో మొదలయ్యే నంబర్ల నుండి మిస్డ్ కాల్ వస్తే, తిరిగి చేయగానే సిమ్ కార్డు నకలు తీస్తారని. సిమ్ కార్డులోని రహస్యపు తాళం ఆ చిప్పు దాటి బయటకు రాదు. మాటతో పాటు తీగ మీద ప్రయాణం చేయదు. కనుక అది కూడా జరిగే పని కాదు.

అయితే ఆ తొంభై ఎక్కడి నుండి వచ్చింది? దీనికొక వంశవృక్షం ఉన్నది. 1990లలో అమెరికాలో, తొమ్మిది, సున్న, హ్యాష్ నొక్కమని ఎవరైనా అడిగితే నొక్కవద్దని ఒక హెచ్చరిక వచ్చింది. పెద్ద పెద్ద కార్యాలయాలలో సొంత స్విచ్‌బోర్డులు ఉండేవి. కొన్నిటిలో బయటి లైనుకు తొమ్మిది నొక్కాలి. అటువంటి చోట ఆ మాటలో కొంత నిజం ఉన్నది. ఇంటి ఫోనుకు గాని, చేతి ఫోనుకు గాని అది వర్తించదు. కాని నోట పడిన మాట కాలు ఆగదు. కార్యాలయం అన్న మాట దారిలో రాలిపోయింది, తొంభై మాత్రం మిగిలింది. ఆ రోజుల్లోనే 809 అనే కోడును గురించి కూడా ఒక హెచ్చరిక తిరిగింది. అది డొమినికన్ రిపబ్లిక్ కోడు. అమెరికా నంబరు వలెనే కనిపిస్తుంది కనుక జనం మోసపోయిన మాట వాస్తవం. కాని చేతులు మారుతూ మారుతూ నిమిషానికి 2,425 డాలర్లు పడుతుందని రాసేశారు. గోరంత ఉన్నది కొండంత అయింది.

“కొంచెం అతిశయోక్తి ఉంటే ఏమిటండీ, జాగ్రత్త కోసమే కదా” అని పెద్దలు కొందరు మాతో అన్నారు. ఆ మాట మంచి మనసుతో అన్నదే. కాని అతిశయోక్తికి కూడా ఖరీదు ఉన్నది. మాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగినది చెబుతాము. పేర్లు అనవసరం. ఒక పెద్దావిడ ఇక్కడ కూతురి దగ్గర ఉంటారు. ఆమె చెల్లెలిని మారిషస్‌లోని తెలుగువారి ఇంటికి ఇచ్చారు. ఆఫ్రికా దేశాల కోడ్లు, ఆ పక్క దీవుల కోడ్లు అన్నీ గుత్తగా రాసి, ఇవన్నీ దొంగ నంబర్లు, పొరబాటున కూడా ఎత్తవద్దు అని ఆమెకు ఒక హెచ్చరిక వచ్చింది. ఆమె దానిని కాగితం మీద ఎక్కించుకొని ఫోను పక్కన పెట్టుకున్నారు. ఒక రాత్రి ప్లస్ 230 తో మొదలయ్యే కొత్త నంబరు నుండి నాలుగుసార్లు ఫోను మోగింది. ఆమె కాగితం చూసుకొని ఎత్తలేదు. అది ఆసుపత్రి నుండి మరిది గారు చేసిన ఫోను. చెల్లెలు పోయిందన్న కబురు ఆమెకు మూడవ నాడు తెలిసింది. “ఎత్తి ఉంటే గొంతయినా వినేదాన్నేమో” అని ఆవిడ ఈనాటికీ అంటారు.

ఈ విషయం మన వంటి కుటుంబాలు గట్టిగా ఆలోచించవలసినది. కోరంగి రేవు నుండి ఓడ ఎక్కి మారిషస్ చేరినవారు మనవాళ్లే. 230 వారి కోడు. ఫిజీకి 679, దక్షిణాఫ్రికాకు 27, మలేషియాకు 60, బర్మాకు 95. లోకమంతా చెదిరిన తెలుగువారికి కోడు అంటే ఇంటి గుమ్మం వంటిది. దొంగ ఒకడు ఒక గుమ్మం ముందు నుండి నడిచిపోయాడని వీధి వీధినంతా దొంగల వీధి అనడం న్యాయం కాదు. 2019 మే నెలలో అమెరికా ప్రభుత్వపు టెలిఫోను సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. మారిటానియా కోడు 222 తో ఒక్క మోత ఫోనులు వస్తున్నాయని, తెలియని నంబరుకు తిరిగి చేయవద్దని చెప్పింది. అంతవరకే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏమి చేయకూడదు అన్నది అందులో స్పష్టంగా ఉన్నది. మూడు సెకన్ల కథలు లేవు. ఇంకొకటి గమనించండి. ఒక్క మోత మోసంలో ప్రమాదం ఎత్తడంలో లేదు, తిరిగి చేయడంలో ఉన్నది. “ఎత్తవద్దు”, “తిరిగి చేయవద్దు” అనే రెండు మాటలను కలగలిపినందువల్లనే ఆ పెద్దావిడకు ఆ దుఃఖం మిగిలింది. ఒక్క క్రియాపదం తప్పితే ఎంత నష్టమో చూడండి. వ్యాకరణం ఎందుకని అడిగే పిల్లలకు మేము ఇప్పుడు ఇదే చెబుతున్నాము.

“నాన్నా పులి” కథ మీ అందరికీ తెలుసు. లేని పులిని పదిసార్లు చూపితే, ఉన్న పులి వచ్చిననాడు ఎవరూ కదలరు. ఉన్న పులి కూడా వచ్చింది. స్టార్ 401 స్టార్ అని నొక్కి ఆ తరువాత తాను చెప్పిన నంబరు నొక్కమని కొరియర్ కంపెనీ వానివలెనో, ఫోను కంపెనీ వానివలెనో ఒకడు అడుగుతాడు. నొక్కితే మనకు వచ్చే ఫోనులన్నీ వాని ఫోనుకు మళ్లిపోతాయి. ఫోను ద్వారా చెప్పే రహస్య సంఖ్యలు కూడా వానికే చేరుతాయి. భారతదేశంలో ఇది నిజంగా జరిగింది. దానివల్లనే అక్కడి టెలికాం శాఖ ఇలా నంబర్లు నొక్కి ఫోను మళ్లించే పద్ధతిని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయమని కంపెనీలను ఆదేశించింది. హ్యాష్ 90 కథ అబద్ధమని తెలిసిన యువకుడు, ఇది కూడా అటువంటిదేలే అని నవ్వి నొక్కే అవకాశం ఉన్నది. అబద్ధపు హెచ్చరిక చేసే రెండవ అపకారం అదే. మొదటిది భయపెట్టడం, రెండవది భయం లేకుండా చేయడం. ఫోనులు మళ్లిపోయాయని అనుమానం వస్తే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ నొక్కి కాల్ బటను నొక్కండి. మళ్లింపులన్నీ రద్దవుతాయి.

అయితే హెచ్చరికలే వద్దా? అలా అనడం లేదు. ఈ చుట్టుపక్కల పనులు చేసుకునే మన కుర్రవాడు ఒకడు ఒక్క మోత ఫోనుకు తిరిగి చేసి, ఆ నెల ఇంటికి మాట్లాడడానికి ఉంచుకున్న సొమ్మంతా పోగొట్టుకున్నాడు. నలుగురిలో నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. అతడు చెప్పనందువల్ల అదే గదిలోని మరి ఇద్దరి సొమ్ము కూడా అదే నంబరుకు పోయింది. మూడవవాడు నోరు విప్పితే గాని మొదటివాని సంగతి బయటపడలేదు. మోసపోవడం సిగ్గుపడవలసిన పని కాదు. సిగ్గు మోసం చేసినవానిది. మనం ఒకరికొకరం చెప్పుకోవలసిందే. కాని చెప్పుకునే మాట నిజమైనది, కొలతకు తగినది కావాలి.

అందుకు మా తరగతిలో ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాము. తెలుగులో ప్రశ్నవాచకాలు పిల్లలకు మొదటి ఏడాదిలోనే నేర్పుతాము. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఏమి. హెచ్చరిక రాగానే ఈ ఐదు ప్రశ్నలు దానిని అడగాలి. ఎవరు చెప్పారు? “పోలీసువారు చెప్పారు” అంటే చాలదు, ఏ ఊరి పోలీసువారు? ఎప్పుడు చెప్పారు? తేదీ లేని హెచ్చరిక పదేళ్ల నాటిది కావచ్చు. ఎక్కడ జరిగింది? అమెరికా కార్యాలయంలో జరిగినది జల్లాఖ్‌లో చేతి ఫోనుకు వర్తిస్తుందా? ఎలా జరుగుతుంది? డబ్బు ఏ దారిన పోతుందో చెప్పగలరా? మనం ఏమి చేయాలి? చేయవలసినది చెప్పక “అందరికీ పంపండి” అని మాత్రమే ఉంటే, దానికి కావలసినది మన క్షేమం కాదు, తన ప్రచారం. ఐదింటిలో మూడింటికి జవాబు లేకపోతే దానిని మన దగ్గరే ఆపేయాలి. ఇదే మా నియమం.

ఆ పద్ధతిలో పిల్లలే ఒక హెచ్చరిక రాశారు. వారి మాటల్లోనే వినిపిస్తాము.

“తాతయ్యలకు, అమ్మమ్మలకు, బాబాయిలకు. బహ్రెయిన్ నంబరుకు ఎనిమిది అంకెలు ఉంటాయి, మన దేశం కోడు 973. మీకు తెలియని మరొక దేశం కోడుతో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతే తిరిగి చేయకండి. నిజంగా మీ కోసమే అయితే వాళ్లు మళ్లీ చేస్తారు. మళ్లీ మోగితే ఎత్తవచ్చు, ఎత్తినంత మాత్రాన ఏమీ కాదు. మనవాళ్లేమో అని అనుమానం ఉంటే వాళ్లకు తెలిసిన పాత నంబరుకు సందేశం పంపి అడగండి. ఫోనులో ఎవరు అడిగినా రహస్య సంఖ్య చెప్పకండి, వాళ్లు నొక్కమన్నవి నొక్కకండి. సొమ్ము పోతే వెంటనే ఫోను కంపెనీకి చెప్పండి. ఇక్కడ సైబర్ నేరాలకు 992, భారతదేశంలో 1930. మాకు చెప్పడానికి సిగ్గుపడకండి.”

ఇందులో పెద్ద మాటలు లేవు. ఒక తొమ్మిదేళ్ల పిల్ల “ఎత్తవచ్చు” అనే మాట దగ్గర ఆగి, ఇది తప్పకుండా ఉండాలి అని పట్టుబట్టింది. ఆ పెద్దావిడ సంగతి ఆ పిల్లకు తెలుసు.

విదేశాలకు ఫోను చేసే అవసరమే లేనివారు, తమ ఫోను నుండి విదేశీ కాల్స్ పోకుండా ఆపమని కంపెనీవారిని అడగవచ్చు. ఇంట్లో చిన్నపిల్లల చేతికి ఫోను ఇచ్చేవారు ఇది ముఖ్యంగా ఆలోచించండి. నెలాఖరు బిల్లు వచ్చేవారు దానిని మడిచి పెట్టేయక, ఒక్కసారి వరుసగా చదవండి. తెలియని దేశం పేరు కనిపిస్తే ఆ నెలలోనే అడగండి. ఈ మూడు పనులకూ పైసా ఖర్చు లేదు.

చివరగా మాతృభాషను గురించి ఒక మాట. మన తాతలు తెలుగు ఉత్తరాలు పదే పదే చదువుకొని పెట్టెలో దాచుకునేవారు. అందులో ఎవరు రాశారో, ఏ తేదీన రాశారో, ఏ ఊరి నుండి రాశారో మొదటి వరుసలోనే ఉండేది. అందుచేతనే దూరాన ఉన్నా నమ్మకం చెడలేదు. ఈనాడు మన తెలుగు ఫోనులో క్షణంలో వేయి ఇళ్లకు పోతున్నది. సంతోషమే. దానికి సంతకం, తేదీ, ఊరు పేరు తిరిగి తగిలించుకుంటే, మన భాషలో వచ్చిన మాటను మన పిల్లలు నమ్మగలుగుతారు. రేపు ఒక నిజమైన ఆపద వచ్చినప్పుడు తెలుగులో వచ్చిన హెచ్చరికను చూసి వారు నవ్వకుండా నిలబడి చదవాలి. మా సాయంకాలపు తరగతి కోరుకునేది అంతకంటే ఏమీ లేదు.

ప్రతి ఆదివారం కాకపోయినా, వీలైన రోజున మీ ఇంటి పిల్లలను తరగతికి పంపండి. వచ్చేటప్పుడు మీ ఫోనుకు వచ్చిన హెచ్చరిక ఒకటి కాగితం మీద రాసి ఇవ్వండి. కలిసి చదువుదాము.